గుండుతో గెలిచిన సీజను

పోయిన వారం నటేశన్ నగర్ మలుపులో ఒక ఫ్లెక్సీ కట్టారు. సాయంత్రం పాల పాకెట్ కోసం పోతూ తలెత్తి చూశాను. ఎర్రటి రేసు దుస్తుల్లో పదహారేళ్ల పిల్ల, చంకలో హెల్మెట్, చుట్టూ వార్డు నాయకుల ముఖాలు. పిల్ల ముఖం కంటే వాళ్ల ముఖాలే పెద్దవి. కింద అరవంలో బారెడు అక్షరాలు: ఒంటిసీటు కార్ల జూనియర్ పోటీలో ఛాంపియన్ అయిన మన ఊరి మొట్టమొదటి ఆడపిల్ల అని. పాల సంగతి మరిచిపోయాను. మొట్టమొదటా? ఎవరిని అడిగి రాశారు? ఆ పిల్ల మీద నాకేమీ కోపం లేదు, బంగారంలాగా ఉంది. నా కోపమంతా ఆ ఒక్క మాట మీద. ఆ మాట మా ఇంటిది. ఇరవై ఏళ్ల కింద, ఊరి పేరు పాండిచ్చేరి నుంచి ఇంకా పుదుచ్చేరిగా మారని రోజుల్లో, మా చెల్లెలి మనవరాలు సంపాదించుకున్నది.

నేను బడిలో ఐదో క్లాసు దాటలేదు. మాది తరాలుగా ఈ ఊరి బజారులో వ్యాపారం చేసుకునే తెలుగు కుటుంబం. ఇంట్లో తెలుగు మాట్లాడతారు, చదవమంటే దిక్కులు చూస్తారు. నేను మాత్రం చిన్నప్పుడు మిరపకాయల అంగట్లో పొట్లాలు కడుతూ, నెల్లూరు నుంచి సరుకుతో పాటు వచ్చిన పాత పేపర్లలో అక్షరాలు కూడబలుక్కున్నాను. పొట్లం కాగితం మీద వార్త ఎప్పుడూ సగమే ఉంటుంది. హత్య ఉంటుంది, హంతకుడు ఉండడు. అట్లా చదువుకున్నవాడికి మిగతా సగం ఏమైందో తేల్చుకోవాలనే తిక్క చచ్చేదాకా పోదు. పేపర్లో తప్పు కనిపిస్తే నాకు కారం నషాళానికి ఎక్కినట్టుంటుంది. ఈ కథలో పేపరు చేసిన తప్పు కూడా ఉంది, చివర్లో వస్తుంది.

ఆ చెల్లెలి కొడుకు, మా మేనల్లుడికి బజారులో రంగుల అంగడి. వాడి కూతురు చిన్నప్పుడు తూర్పు తీరం రోడ్డు మీద ఎక్కడో గో-కార్టులనే చిట్టి కార్ల మైదానానికి విహారం పోయి, అక్కడున్న పెద్దవాళ్లందరినీ దాటేసి వచ్చింది. అప్పటినుంచి దానికి వేరే ధ్యాస లేదు. ప్లస్ టూ అయ్యాక చెన్నైలో ఒక టీము వాళ్లు జూనియర్ పోటీలో తోలమని పిలిచారు. ఆ కారును మీరు చూసి ఉండరు. పైకప్పు లేదు, తలుపు లేదు, చక్రాలు నాలుగూ ఒంటికి బయట, వెనక ఇంజను, మధ్యలో మనిషి కాళ్లు చాపుకుని పడుకున్నట్టు కూర్చోవాలి. మా చెల్లెలు మొదటిసారి ఫోటో చూసి, "ఏందిది, తొట్టిలో పండబెట్టినట్టుండాది?" అంది. బంధువుల మాటలు రాయను, రాస్తే ఇప్పుడైనా పోయి తగాదా పెట్టుకుంటాను. మేనల్లుడు మాత్రం కూతురికి ఒక్క షరతు పెట్టాడు. "ఈ సీజను ఒక్కటే. ఛాంపియనైతే ఇంకో ఏడు తోలు. కాకుంటే హెల్మెట్ అటక మీద పెట్టేసి అంగట్లో కూచో." అది, "సరే నాయనా" అంది. దానికి ఓడిపోవడమనే మాట తెలియదు కనుక వెంటనే ఒప్పుకుంది.

ఆడపిల్ల మగపిల్లల మధ్యకు ఒంటరిగా పోకూడదని తోడుగా నన్ను పంపారు. కొన్ని పందేలు చెన్నై అవతల శ్రీపెరుంబుదూరు పక్కన, కొన్ని కోయంబత్తూరులో. పెట్రోలు వాసన, కాలిన టైరు వాసన, గిన్నెలో పులిహోర వాసన, ఈ మూడూ కలిస్తే నాకు ఆ ఏడు గుర్తుకొస్తుంది. నేను గొడుగు పట్టేవాణ్ణి, నీళ్లిచ్చేవాణ్ణి, ఎవరైనా దాని దారికి అడ్డంగా తోలితే పోయి నిర్వాహకులతో పోట్లాడేవాణ్ణి. సగం సీజను గడిచేసరికి నేను వస్తుంటే వాళ్లు ఫోను చెవికి పెట్టుకుని పక్కకు తిరిగేవాళ్లు. పిల్ల మాత్రం ఎవరి మీదా ఫిర్యాదు చేసేది కాదు. "వాడు అడ్డమొచ్చినాడంటే నేను ఆలస్యంగా పోయినట్టే కదా తాతా" అనేది. దానికి గట్టి పోటీ ఒక్కడే, కోయంబత్తూరు కుర్రవాడు. సన్నగా, వెదురులాగా ఉండేవాడు. ఒకసారి వాడు గెలిస్తే ఒకసారి ఇది. మిగతావాళ్లంతా మూడో స్థానం కోసం కొట్టుకునేవాళ్లు.

కోయంబత్తూరులో ఒక పందెంలో దాని కారు గోడకు కొట్టుకుంది. ముందు చక్రం ఊడి గాల్లో ఎగిరి నా ముందే పడింది. నేను చక్రాన్ని చూస్తుండగా పిల్ల కారులోంచి లేచి, మట్టి దులుపుకుని, నడుచుకుంటూ వచ్చింది. మణికట్టు బెణికింది, అంతే. ఈ సంగతి ఫోనులో విన్న మా చెల్లెలు అక్కడికక్కడే తిరుపతి వెంకన్నకు మొక్కుకుంది, పాప తలనీలాలు ఇస్తానని. దానికి నడుము దాటిన జడ. సీజను అయ్యాక ఇద్దామని మేమందరం చెప్పాం. ఆమె వినలేదు. మా వైపు వెంకన్న మొక్కులు తీర్చే పెరటాసి నెల వచ్చింది, ఇంక ఆఖరి పందెం ఒక్కటే మిగిలింది. "మొక్కు పెట్టుకొని తీర్చకుండా మళ్లా ఆ తొట్టిలో కూచోబెడతారా? నా ప్రాణం పోయినా ఒప్పుకోను" అంది. పిల్లకు జుట్టు మీద పెద్ద మమకారం లేదు. "మంచిదే అవ్వా, హెల్మెట్‌లో చెమట పట్టదు" అంది. అట్లా కొండెక్కి, గుండు చేయించుకుని, మంచి గంధం పూయించుకుని, అక్కడినుంచి నేరుగా శ్రీపెరుంబుదూరుకు వచ్చారు. చెల్లెలు రేసు చూడటానికి రావడం అదే మొదటిసారి. చేతిలో లడ్డూల సంచి, ముఖంలో బరువు దింపుకున్న శాంతి. ఆఖరి పందెంలో కోయంబత్తూరు కుర్రవాడు, మా పిల్ల, ఇద్దరిలో ఎవరు ముందొస్తే వాళ్లే ఛాంపియన్. లెక్క అంత తేలికగా ఉంది.

ఆ ఉదయం హెల్మెట్ల పరీక్ష. అధికారి దాని తలకు హెల్మెట్ పెట్టి, పట్టీ బిగించి, రెండు చేతులతో అటూ ఇటూ తిప్పాడు. హెల్మెట్ తిరిగింది, తల తిరగలేదు. కన్నుల దగ్గరుండాల్సిన అద్దం చెవి దగ్గరికి పోయింది. అంత జుట్టు పోయాక హెల్మెట్ వదులవుతుందని మా ఇంటిల్లిపాదిలో ఒక్కరికీ తట్టలేదు! అధికారి తల అడ్డంగా ఆడించాడు. బిగుతుగా లేని హెల్మెట్‌తో ట్రాక్ మీదికి పంపడట.

నేను ఊరుకుంటానా? "పోయిన పందెంలో ఇదే హెల్మెట్, ఇదే తల. అప్పుడు ఒప్పుకున్నారు కదా" అన్నాను.

"హెల్మెట్ అదే సార్. తల అది కాదు" అన్నాడాయన.

లోపల తువ్వాలు చుడతామన్నాను. నిప్పంటుకుంటే ఏమవుతుందో తెలుసా అని ఆయన అడిగాడు. తెలుసు, అయినా వాదించాను. ఇంతలో మా చెల్లెలు ముందుకు వచ్చింది. విషయం అప్పటికి ఆమెకు అర్థమైంది. ముఖంలో శాంతి పోయింది. వెనక్కి చెయ్యి పెట్టి తన ముడి విప్పి, అందులోంచి సవరం ఊడదీసి ఆయన ముందు బల్ల మీద పెట్టింది. "ఇది నా జుట్టే నాయనా. వయసులో రాలిందంతా దాచి కట్టించుకున్నాను. పాపకు పెట్టండి" అంది. అధికారి ఆ సవరం వైపు చూసి, చెల్లెలి వైపు చూసి, అంతవరకూ నాకు ఇవ్వని గౌరవంతో, "తలకు అంటుకుని ఉన్న జుట్టే ఉండాలమ్మా" అన్నాడు. పిల్ల అవ్వ భుజం మీద చెయ్యి వేసింది. అటక మీద హెల్మెట్ నాకు కళ్లముందే కనిపించింది. వాళ్లతో పాటు వచ్చిన మేనల్లుడు దూరంగా టీ కొట్టు దగ్గర, ఇదంతా తనకు పట్టనట్టు వీపు తిప్పుకుని నిలబడి ఉన్నాడు.

వరుసలో వెనక ఉన్న కోయంబత్తూరు కుర్రవాడు ఇదంతా చూస్తున్నాడు. వాడిదీ అదే రకం హెల్మెట్. పోయిన ఏడు కామెర్లు వచ్చి ముఖం పీక్కుపోయినప్పుడు లోపల వేసుకోవడానికి మందమైన దిండ్లు తెప్పించుకున్నాడట. వాళ్ల మెకానిక్‌ను పంపి పెట్టెలోంచి వాటిని తెప్పించాడు. నాకు నమ్మకం కలగలేదు. ఎందుకిస్తున్నావని అడిగాను. వాడు అరవంలో అన్నాడు: "ఇవ్వకుండా గెలిస్తే మీరు నన్ను బతకనిస్తారా తాతా? కోయంబత్తూరు దాకా వచ్చి మా వాకిట్లో కూచుంటారు." చుట్టూ ఉన్నవాళ్లు నవ్వారు. నేను నవ్వలేదు, ఎందుకంటే అది నిజం. దిండ్లు మార్చి అధికారి మళ్లీ తిప్పాడు. ఈసారి హెల్మెట్‌తో పాటు తల, తలతో పాటు పిల్ల మొత్తం తిరిగింది. "సరే" అన్నాడు.

పందెం మధ్యాహ్నం ఎండలో. కుర్రవాడు మొదట, మా పిల్ల వాడి వెనక బయలుదేరారు. మేము నిలబడ్డ గోడ దగ్గరినుంచి మలుపుల్లేని నిలువు రోడ్డు మాత్రమే కనిపిస్తుంది. కార్లు తేనెటీగల్లాగా వస్తాయి, చెవి చిల్లులు పడేట్టు పోతాయి, తర్వాత చాలాసేపు ఖాళీ రోడ్డు. చెల్లెలు కళ్లు మూసుకుని, సంచి గుండెకు హత్తుకుని, ప్రతి చుట్టుకూ అడిగేది.

"పాప యాడుంది అన్నా?"

"రెండోది."

"ముందర ఎవురు?"

"ఆ దిండ్లిచ్చిన పిలగాడే."

"అయ్యో, మంచోడే వాడు. వాణ్ణి దాటేదానికి మనసెట్లొస్తాది?"

"దాటకుంటే రేపట్నించి అది అంగట్లో రంగు డబ్బాలు దించాల్సిందే. ఏం చేద్దాం చెప్పు?"

చెల్లెలు కొంచెం ఆలోచించింది. "సరే, దాటమను. మెల్లగా దాటమను."

మెల్లగానా! ఆఖరి చుట్టుకు ముందు మా పిల్ల కారు వాడి కారు వెనక దారం కట్టినట్టు అంటుకుని వచ్చింది. ముందు కారు గాలిని చీలుస్తుంటే వెనకవాళ్లకు బండి తేలిగ్గా లాగుతుందని అది ఎన్నోసార్లు నాకు చెప్పింది. నిలువు రోడ్డు చివర వాడు బ్రేకు వేశాడు. ఇది వేయలేదు. ఇక గోడే అని నేను అనుకున్న తర్వాత వేసింది. రెండు కార్లూ పక్కపక్కనే మలుపులోకి పోయి మట్టికట్ట వెనక మాయమయ్యాయి. శబ్దం మాత్రమే మిగిలింది. చెల్లెలు కళ్లు తెరిచింది. మళ్లీ నిలువు రోడ్డు మీదికి మొదట వచ్చింది తెల్ల హెల్మెట్, మాది. ఇంకో చుట్టు తిరిగినా, గళ్ల జెండా పడినా, ముందు అదే. మేనల్లుడు టీ గ్లాసుతోనే పరుగెత్తుకొచ్చాడు. గ్లాసులో చుక్క టీ లేదు, అంతా చొక్కా మీదే. ఏడుస్తున్నాడో నవ్వుతున్నాడో తెలియలేదు. "మామా, గుండుకు సరిపొయ్యే కొత్త హెల్మెట్ కొనాల్నా, జుట్టు పెరిగేదాకా ఆగాల్నా?" అన్నాడు. షరతు సంగతి ఆ ప్రశ్నతో తేలిపోయింది.

వేదిక మీద అది హెల్మెట్ తీసింది. చెమటతో కలిసిన గంధం నుదుటి మీద, మెడ మీద పచ్చగా చారలు కట్టింది. గుండు ఎండలో కొత్త ఇత్తడి చెంబులాగా మెరిసింది. రెండో మెట్టు మీద నిలబడ్డ కుర్రవాడు దాని గుండు మీద ఒకటి తట్టాడు. మా చెల్లెలు మొదటి లడ్డూ మనవరాలికి కాదు, వాడికి పెట్టింది. తిరిగిచ్చిన దిండ్లు ఏడాదంతా గంధం వాసనే వేశాయని తర్వాత వాడు చెప్పాడు.

ఇక పేపరు సంగతి. మర్నాడు ఫోటో వేశారు, బాగానే వేశారు. దాని పేరు మా కులదేవుడిది. మా ఇళ్లలో మగపిల్లలకూ పెడతాం, ఆడపిల్లలకూ పెడతాం. ఆ పేరు విని, ఆ గుండు చూసి, ఎవరో తెలివిగలవాడు ఇంగ్లీషులో రాశాడు, పాండిచ్చేరి యువకుడి ఘన విజయం అని. నేను ఉత్తరాలు రాశాను. జవాబు లేదు. బస్సెక్కి ఆ పేపరాఫీసుకు పోయాను. వాకిట్లోనే కూచోబెట్టి పంపేశారు. పిల్ల మాత్రం పగలబడి నవ్వి, ఆ కటింగు అంగట్లో అతికించుకుంది. ఆ తర్వాత ఇంకో రెండేళ్లు తోలింది. ఇప్పుడు రంగుల అంగడి దానిదే. సరుకు వ్యానులో విల్లియనూరు దాకా దాని పక్కన కూర్చుంటే తెలుస్తుంది, చెయ్యి ఏమీ మరిచిపోలేదని.

ఆ సాయంత్రం ఫ్లెక్సీ కింద నిలబడి దారినపోయేవాళ్లకు నేను ఇదంతా చెబుతుంటే ఎవరో మా పిల్లకు ఫోను చేశారు. స్కూటరు మీద వచ్చింది. హెల్మెట్ తీసి తలెత్తి ఆ పిల్ల బొమ్మను చాలాసేపు చూసింది. నడుము దాటిన జడ, అక్కడక్కడ తెల్ల వెంట్రుక. "బాగా తోలుతాది తాతా ఈ పాప. నేను చూసినా. బ్రేకు ఆలస్యంగా ఏస్తాది" అంది.

"మొట్టమొదటి అని రాసుకున్నారే!"

"వాళ్లేం రాసుకుంటే ఏం, నేను గెలిచినానో లేదో నాకు తెల్దా? నువ్వు రా, పాలు కొనుక్కుని పోదాం."

పోయాను. కానీ ఊరుకోలేదు, ఇదిగో రాస్తున్నాను. దాని తల మీద జుట్టు ఏడాది తిరిగేసరికి వచ్చేసింది. అచ్చులో గుండు ఇరవై ఏళ్లయినా యువకుడి గుండుగానే ఉంది. తల మీద పనిచేసినట్టు కాలం కాగితం మీద పనిచేయదు, అక్కడ మనమే చెయ్యాలి.