పాప కాలికీ సైలెన్సర్‌కీ మధ్య

మా ఆయన బండి చప్పుడు నాకంటే ముందు పాపకి తెలిసేది. జగ్గయ్యపేటలో మా సందు మొదట్లో బండి మలుపు తిరగ్గానే చేతిలో ఏముంటే అది పడేసి గేటు దగ్గరికి పరిగెత్తేది. ఆయన పనిచేసే ఆఫీసు నందిగామలో. పొద్దున్నే వెళ్ళి దీపాలు పెట్టే వేళకి వచ్చేవారు. వచ్చీ రాగానే పాపని ట్యాంకు మీద కూర్చోబెట్టుకుని సందు చివరిదాకా ఒక రౌండు తిప్పాలి. ఆ రౌండు అయితే గానీ బూట్లు విప్పడానికి వీల్లేదు. అది వాళ్ళిద్దరి ఒప్పందం. అందులో నాకు భాగం లేదు, గేటు దగ్గర నిలబడి చూడటం తప్ప.

పాపకి మూడేళ్ళు నిండిన వేసవిలో ఒకరోజు ఆయన బండి ఆపి, దిగి, ఎదురింటాయనతో ఏదో మాట్లాడుతున్నారు. మా సందు ఇరుకు. స్టాండు వేస్తే బండి ఎడమవైపుకి, గోడ మీదికి ఒరుగుతుంది. గేటు వైపుకి వచ్చేది కుడిపక్క, అంటే సైలెన్సర్ ఉన్న పక్క. నాన్న మాటలు అయ్యేదాకా ఆగలేక పాప తనే ఎక్కబోయింది. ఫుట్‌రెస్టు మీద ఒక కాలు పెట్టి రెండో కాలు ఎత్తబోతే పిక్క వెళ్ళి సైలెన్సర్‌కి ఆనుకుంది.

ఆ అరుపు గురించి రాయను. వంటింట్లోంచి నేను ఎలా వచ్చి పడ్డానో కూడా గుర్తులేదు. అత్తయ్య అప్పుడే రుబ్బిన దోసెల పిండి గిన్నెతో సహా తెచ్చారు, కాలిన చోట రాయడానికి. నేను నీళ్ళు పోయాలంటాను, ఆవిడ పిండి పుయ్యాలంటారు.

"మా పిల్లలందరికీ ఇదే రాశానమ్మాయ్, ఒక్కడూ చచ్చిపోలేదు!"

"ముందు నీళ్ళు అత్తయ్యా, దణ్ణం పెడతా."

చివరికి నీళ్ళే పోశాం, డాక్టరు దగ్గరికీ తీసుకెళ్ళాం. చర్మం పైపైనే కాలిందన్నారు. మచ్చ ఉండిపోతుందా అని అడిగా. "చిన్నపిల్ల కదమ్మా, ఎదిగేకొద్దీ కలిసిపోతుందిలెండి" అన్నారాయన.

మా ఊళ్ళో మగవాళ్ళలో చాలామందికి కుడికాలి పిక్క మీద కోలగా ఒక మచ్చ ఉంటుంది. మా అన్నయ్యకీ ఉంది, మా ఆయనకీ ఉంది. బండి నేర్చుకునే రోజుల్లో పడేది. "మా వైపు మగాళ్ళకి అది పుట్టుమచ్చే" అని మా ఆయన నవ్వబోయి, నా మొహం చూసి ఆపేశారు.

మర్నాడు పొద్దున ఆయన స్నానం చేస్తుంటే వెళ్ళి బండి కుడిపక్క కూర్చుని చూశా. పెళ్ళయినప్పటినుంచీ ఆ బండి ఎక్కుతున్నా. కానీ మేం చీరలు కట్టుకుని ఒకపక్కకి కూర్చుంటాం, కాళ్ళు రెండూ ఎడమవైపే. ఎక్కేదీ అటే, దిగేదీ అటే. చీర చక్రంలో పడకుండా ఉండే జాలీ ఎలా ఉంటుందో కళ్ళు మూసుకుని చెప్పగలను. అవతలిపక్క సైలెన్సర్ ఎలా ఉంటుందో ఎప్పుడూ పట్టించుకోలేదు. దాని మీద మెరిసే రేకు ఒకటి బిగించి ఉంది, కాలికి వేడి తగలకుండా. తీరా చూస్తే రేకుకీ గొట్టానికీ మధ్య ఉండాల్సిన వాషర్లు అరిగిపోయి, రేకు నేరుగా గొట్టం మీదే కూర్చుంది. పాప కాలు గొట్టానికి తగల్లేదు. కాలకుండా కాపాడాల్సిన రేకే కాల్చింది.

ఆరోజు నుంచి సాయంత్రం బండి వచ్చే వేళకి పాపని వెనకగదిలోకి తీసుకెళ్ళి తలుపు వేసేదాన్ని. సైలెన్సర్ చల్లారేదాకా తీసేదాన్ని కాదు. రోడ్డు వెడల్పు చేస్తున్న రోజులవి. సిమెంటు లారీల వెనక, మట్టి దారుల్లో అన్నేసి మైళ్ళు వచ్చిన బండి అంత తేలిగ్గా చల్లారదు. పాప తలుపు బాదేది. "నాన్న వచ్చాడూ! రౌండూ!" బయట ఆయన బూట్లు విప్పి ఊరికే కూర్చునేవారు. కొన్నాళ్ళకి పాప తలుపు బాదడం మానేసింది. దాని బదులు, సందు మొదట్లో బండి చప్పుడు వినపడగానే ఏడుపు మొదలుపెట్టేది. ఆ చప్పుడుకి ఎగిరి గంతేసిన పిల్లే.

"ఎన్నాళ్ళిలా?" అన్నారాయన ఒకరోజు.

"ఆ రేకు మారేదాకా."

మెకానిక్ దగ్గరికి ముగ్గురం వెళ్ళాం. పాప నా చంకలోనే ఉంది, దింపలేదు. మెకానిక్ రేకు విప్పి చేతిలో అటూ ఇటూ తిప్పాడు. "కొత్తది వేస్తా బాబుగారూ. కానీ మళ్ళీ ఇట్లనే అవుద్ది. ఆ రోడ్డు మీద బోల్టులు నిలవట్లేదు."

"అది గొట్టానికి తగలకుండా ఉంటే వేడెక్కదుగా?" అన్నా నేను.

"ఇనపరేకు కదమ్మా. కొంచెం తక్కువ కాలుద్ది, అంతే."

కొంచెం తక్కువ కాలడం నాకు అక్కర్లేదు. ఇంటికొచ్చి ఆ మాటే హైదరాబాద్‌లో ఉండే మా మరిదికి ఫోన్లో చెప్పా. అతనికి బండ్లంటే పిచ్చి. జీతమంతా బండికే పెడతాడని అత్తయ్య బాధ.

"అయ్యో వదినా, ముందే చెప్పొద్దూ! నా దగ్గర కార్బన్ ఫైబర్‌ది ఉంది. నా బండికని తెప్పించుకున్నా, బిగించేలోపు బండే అమ్మేశా. విమానాల్లో వాడే సరుకు. సైలెన్సర్ ఎంత కాలినా అది వేడెక్కదు."

"నిజంగానా?"

"నీ మీదొట్టు."

"నా మీదెందుకయ్యా, నీ మీదే వేసుకో."

తెలిసిన డ్రైవరు ఉంటే బస్సులో పంపాడు. మా ఆయన చిల్లకల్లు అడ్డరోడ్డు దగ్గర నిలబడి తీసుకొచ్చారు. పేపర్లు విప్పితే జానెడున్నర పొడుగున వంపు తిరిగిన నల్లటి ముక్క. చేతిలో బరువే లేదు. పైన గీతలు పడకుండా పల్చటి ప్లాస్టిక్ కవరు అతికించి ఉంది. దాని కిందనుంచి సన్నటి అల్లిక కనిపిస్తోంది. నల్లటి దారాలు నేసి, జిగురు పోసి గట్టిపరుస్తారట.

అత్తయ్య వేలితో తట్టి చూశారు. "ఇదేంట్రా, తాటాకు చాప అల్లినట్టుంది. చాప నిప్పుకి ఆగుద్దా?"

మెకానిక్ కూడా అంతే అనుమానంగా చూశాడు. "ప్లాస్టిక్కా బాబుగారూ?"

"ప్లాస్టిక్ కాదు. విమానాల్లో వాడేది."

"విమానానికి సైలెన్సర్ ఎందుకండీ? పైన ట్రాఫిక్ పోలీసు ఉంటాడా?"

అన్నాడే గానీ శ్రద్ధగానే చేశాడు. బోల్టుల కన్నాలు మా బండికి కుదరకపోతే గొట్టం చుట్టూ రెండు క్లిప్పులు వేసి, మందపాటి వాషర్లు పెట్టి, మధ్యలో వేలు దూరేంత సందు వదిలి బిగించాడు. "కవరు తీసెయ్యనా?" అని అడిగాడు. "వద్దొద్దు. కొత్తది, గీతలు పడతాయి" అన్నారు మా ఆయన. నేనూ ఔనన్నా. మా ఇంట్లో టీవీ రిమోటు ఇప్పటికీ కవర్లోనే ఉంది. బండి సీటుకి షోరూమ్‌లో తొడిగిన కవరు ముక్కలు ముక్కలై ఊడిపోయిందే తప్ప మేం తీయలేదు. కొత్తదాని కవరు తీయడమంటే దాన్ని సగం పాడుచేసినట్టే మాకు. కవరు అంచులు బయటికి వేలాడుతుంటే మా ఆయన వాటిని నీటుగా లోపలివైపుకి మడిచారు కూడా. ఇంటికి రాగానే అత్తయ్య దాని మధ్యలో కుంకుమ బొట్టు పెట్టారు.

పాప అప్పుడే ఎక్కబోయింది. నేను పట్టుకుని మా ఆయన వైపు తిరిగా. "ముందు మనిద్దరం నందిగామ దాకా వెళ్ళొద్దాం. వచ్చాక నా చెయ్యి ఆనించి చూస్తా. అప్పుడు పాప."

"నీ చెయ్యి కాలితే?"

"దాని కాలికంటే నయమేగా."

"నిప్పుల గుండం తొక్కేవాళ్ళలా ఉన్నారే" అన్నారు అత్తయ్య, పాపని ఎత్తుకుంటూ.

ఆ ఆదివారం వెళ్ళాం. నందిగామలో ఆగి కొబ్బరినీళ్ళు తాగాం. తిరిగి వచ్చేటప్పుడు చిల్లకల్లు దగ్గరపడుతుండగా కాలిన వాసన మొదలైంది. రోడ్డుపక్క ఎవరో చెత్త తగలబెడుతున్నారనుకున్నా. చెత్త ఏదీ కనపడలేదు. వాసన మాత్రం మాతోపాటే వస్తోంది. అడ్డరోడ్డు దగ్గర టీకొట్టు ముందు బండి ఆపించా.

దిగి కుడిపక్కకి వెళ్ళి చూశా. ఆ నల్లముక్క మీద ముడతలు ముడతలుగా బొబ్బలు. అంచుల దగ్గర కరిగి, వెంట్రుకంత పొగ.

"చూశారా? ప్లాస్టిక్కే! విమానమూ లేదు, ఏమీ లేదు. మీ తమ్ముడు ఒట్టేసి మరీ చెప్పాడు!"

"వాణ్ణెందుకంటావ్..."

"ఇదే పాప కాలికి అతుక్కుని ఉంటే? కరిగి అతుక్కుంటే?"

నా గొంతు నాకే పెద్దగా వినపడుతోంది. పాపని ఇంక ఈ బండి ఎక్కనివ్వనని, బండి అమ్మేసి బస్సులో వెళ్ళమని, ఏమేమో అంటున్నా. టీకొట్టు బెంచీ మీంచి ఒకాయన లేచి వచ్చాడు. "ఏంటి బాబూ, ఇంజను కాలుతోందా?"

వెనకనుంచి ఇంకొకాయన టీ ఊదుకుంటూ, "ఇంజను కాదులే, అమ్మగారు కాలుతున్నారు" అన్నాడు.

మా ఆయన తల పక్కకి తిప్పుకున్నారు, నవ్వు ఆపుకోవడానికని నాకు తెలుసు. నాకు నవ్వూ రాలేదు, వాళ్ళకేసి చూడబుద్ధీ కాలేదు. బండి పక్కన గొంతుక్కూర్చున్నా. అప్పుడు కనిపించింది, బొట్టు. అత్తయ్య సరిగ్గా మధ్యలో పెట్టిన బొట్టు అంచుకి జరిగిపోయి ఉంది. ముక్క కరిగితే కరగాలి, ముడతపడితే పడాలి. దాని మీది బొట్టు అంత దూరం ఎలా నడిచింది?

గాజుకి ఉన్న పిన్నీసు తీసి అంచు దగ్గర గుచ్చి లేపా. పాల మీద మీగడలా పైకి లేచింది. లాగితే ముడతలన్నీ, బొట్టుతో సహా, ఒక్క పొరగా ఊడి వచ్చాయి. గీతలు పడకుండా వదిలేసిన కవరు! లోపలికి మడిచిన అంచులు గొట్టానికి తగిలి కరిగి, మిగతాదాన్ని తమవైపు లాక్కున్నాయి. కింద అల్లిక ఎక్కడా చెక్కుచెదరకుండా నిగనిగలాడుతోంది.

మా ఆయన ఒంగి చూశారు. "నేనే కదూ మడిచింది" అన్నారు చిన్నగా.

నా చేతిసంచీలో నీళ్ళసీసా ఉంది. దోసె వేసేముందు పెనం మీద చిలకరించినట్టు ముందు గొట్టం మీద నాలుగు చుక్కలు చిలకరించా. చుయ్యిమని ఎగిరిపోయాయి. తర్వాత నల్లముక్క మీద చిలకరించా. ఏ చప్పుడూ లేదు. చుక్కలు మెల్లగా జారి నేలమీద పడ్డాయి.

చెయ్యి పెట్టా. ముందు వేళ్ళు, తర్వాత అరచెయ్యి మొత్తం. వెచ్చగా ఉంది. పాలసీసా వేడి మణికట్టు మీద చూసుకుంటామే, అంతే. తీయబుద్ధి కాక అలాగే ఉంచా.

"కాలుతోందా?" అన్నారాయన.

తల అడ్డంగా ఊపా. ఆయన కూడా నా చేతి పక్కన తన చెయ్యి పెట్టారు. రోడ్డు పక్కన ఇద్దరం బండికి దణ్ణం పెడుతున్నట్టు కూర్చున్నాం. టీకొట్టు ఆయన పిలవకుండానే రెండు టీలు పంపించాడు.

ఇంటికెళ్ళగానే అత్తయ్య అడిగిన మొదటి మాట, "నా బొట్టేదే?" అని. జరిగింది చెబితే, "చూశావా, ఆ బొట్టే దారి చూపించింది" అన్నారు గొప్పగా.

ముందువైపు వంపు దగ్గర గొట్టం ఇప్పటికీ బయటికే ఉంది. అక్కడికి పాప కాలు అందదని రెండుసార్లు కూర్చోబెట్టి చూసుకున్నా. నాన్న ఎక్కించేదాకా ఎక్కకూడదని దానికి నేర్పా. నేర్పింది ఎంతవరకు ఉంటుందో నాకు తెలుసు. అందుకే ఆ నల్లముక్క.

సోమవారం సాయంత్రం వెనకగది తలుపు వెయ్యలేదు. బండి చప్పుడు వినగానే పాప అలవాటుగా ఏడవబోయి, నాకేసి చూసింది. "వెళ్ళు" అన్నా. నమ్మలేదు. ఇంకోసారి చెప్పా. అప్పుడు పరిగెత్తింది. ఆయన బండి దిగకుండానే దాన్ని పైకి లాగుతుంటే పాప పిక్క ఆ నల్లముక్కకి రాసుకుంది. పాపకి తెలియనైనా తెలియలేదు. "రౌండు, రౌండు!" అని ట్యాంకు మీద దరువేస్తోంది.

వాళ్ళు సందు చివరికి వెళ్తుంటే లోపలికొచ్చి చిక్కుడుకాయల పళ్ళెం ముందు పెట్టుకుని కూర్చున్నా. బండి చప్పుడు దూరమైంది. కాసేపటికి మళ్ళీ దగ్గరకొచ్చి, గేటు ముందు ఆగకుండానే ఇంకో రౌండుకి వెళ్ళిపోయింది. నేను ఈనెలు తీస్తూనే ఉన్నా, లేవలేదు.