నా సంతకంతో ఎండిపోయిన కాలువ

ఆ రోజుల్లో నాకు కోపం ముక్కు మీద ఉండేది. ఇప్పుడు ఆ చోట కళ్ళజోడు ఉంది. ఇంజినీరింగ్ పూర్తిచేసి నేను చేరిన కన్సల్టింగ్ కంపెనీ అప్పుడే రాజమండ్రిలో ఆఫీసు తెరిచింది. దేశదేశాల్లో రోడ్లకీ, వంతెనలకీ, రేవులకీ సలహాలు చెప్పే కంపెనీ మాది. (మేము ఏదీ కట్టం. ఎలా కట్టాలో చెప్పి, కట్టినవాళ్ళని తప్పుపడతాం. ఇదొక ఉద్యోగమని మా అమ్మ నమ్మడానికి రెండేళ్ళు పట్టింది.) మిఠాయి కొట్టు పైన రెండు గదుల్లో మొదలైన ఆఫీసు నేను చూస్తుండగానే అంతస్తంతా ఆక్రమించి, పక్క మేడలోకి కూడా పాకింది. హెడ్డాఫీసు వాళ్ళు తమ ఆఫీసులన్నిటికీ ఎర్ర చుక్కలు పెట్టిన ప్రపంచపటం ఒకటి పంపారు. అందులో రాజమండ్రి బంగాళాఖాతంలో పడింది. సరిచేయమని మూడు ఉత్తరాలు రాశాను. మూడింటికీ కృతజ్ఞతలు వచ్చాయి. మేము మాత్రం సముద్రంలోనే ఉండిపోయాం.

నాకు దొరికిన మొదటి పెద్ద పని పాలకొల్లు దాటాక ఒక రోడ్డు వెడల్పు చేసే పని. రోడ్డు పక్కనున్న ప్రతి కాలువనీ, తూమునీ చూసి ఫారం నింపాలి. ఆ ఫారం ఏ దేశంలో పుట్టిందో గానీ, 'నీటి ప్రవాహం' అన్నచోట రెండే గడులు: ఉంది, లేదు. మే నెల ఎండలో గొడుగేసుకుని ఒక పిల్లకాలువ దగ్గరికి వెళ్తే, అక్కడ కాలువ కాపలా చూసే లస్కరు ఎదురొచ్చాడు. "కాలవలు కట్టేశారు కదండీ అమ్మాయిగారూ, ఇప్పుడేం చూస్తారండీ? జూన్లో వదిలాక రండి, నిండుగా చూపిస్తాను" అన్నాడు. నాకు చిర్రెత్తుకొచ్చింది. "ఆ మాత్రం నాకు తెలీదేంటండీ? మాదీ ఈ చుట్టుపక్కలే!" అన్నాను. కాలువలు కట్టేయడమంటే ఇదే: ఏటా వేసవిలో ధవళేశ్వరం ఆనకట్ట దగ్గర నీళ్ళాపి, కాలువలకి మరమ్మతులు చేసుకుని, మళ్ళీ వదులుతారు. మా వైపు నడక రాని పిల్లలకి కూడా ఈ సంగతి తెలుసు. అందుకే 'లేదు' అన్న గడిలో టిక్కు పెట్టి, ఎండిన కాలువ మధ్యలో నిలబడి ఫొటో దిగి, సంతకం చేసి ఇంటికొచ్చేశాను.

జూలైలో రిపోర్టు వచ్చింది. నున్నటి కాగితం, రంగుల బొమ్మలు. అందులో నా పిల్లకాలువకి పెట్టిన పేరు 'వాడుకలో లేని పాత మురుగు కాలువ'. దాన్ని పూడ్చేసి, పైన బస్సులు ఆగే చోటూ, చిన్న పార్కూ కడతారట. బొమ్మలో కోట్లు తొడుక్కున్న తెల్లవాళ్ళు బెంచీల మీద కూర్చుని ఐస్‌క్రీమ్ తింటున్నారు. కోట్లు! మా ఎండలో! ఆ కాలువ చివర శివారు పొలాలున్నాయి. వాటికి వేరే నీటి దారి లేదు. ఒళ్ళు మండిపోయి మేనేజరు గారి గదిలోకి దూసుకెళ్ళాను. (ఆయన్ని మేమంతా ప్రొసీజరు గారనేవాళ్ళం, వినపడకుండా.) "శుక్రవారం రిపోర్టు ప్రభుత్వానికి వెళ్ళిపోతుందమ్మా. సర్వే మార్చాలంటే ప్రొసీజర్ ఉంది, మూడు నెలలు పడుతుంది" అన్నారు. మూడు నెలలా! అక్కడికక్కడే హెడ్డాఫీసు నిపుణుడికి వీడియో కాల్ చేయించి, "ఈ కాలువలో నీళ్ళు లేవని రాసినవాడెవడో ఒక్కసారి నాకు చూపించండి!" అని అరిచాను. (ఇంగ్లీషులోనే అరిచాను, మధ్యమధ్య తెలుగు దొర్లింది.) ఆయన ఎంతో మర్యాదగా తెర మీద ఒక పేజీ తెరిచాడు. టిక్కు, కింద నా సంతకం, పక్కన గొడుగేసుకుని పళ్ళికిలిస్తున్న నేను. ప్రొసీజరు గారు మంచినీళ్ళ సీసా నా వైపు జరిపారు.

నా కోపం అప్పుడైనా తగ్గాలా? తగ్గలేదు. ఎండాకాలం ఎండ కాస్తుందని ఎవరైనా రాస్తారా? కాలువ కట్టేశారని రాయాలని నాకేం తెలుసు? ఇలా రెండు రోజులు నాతో నేనే పోట్లాడుకున్నాను, రెండు రోజులూ ఓడిపోయాను.

రిపోర్టు పంపే ముందు ఊళ్ళో వాళ్ళకి చూపించాలన్న నియమం ప్రకారం, గురువారం ఆ ఊరి పంచాయతీ ఆఫీసు వరండాలో రైతుల సభ పెట్టాం. ఎదురుగా మురుగు కాలువ అని మేము రాసిన కాలువ నిండుగా పారుతోంది. శివారులో ఎకరన్నర చేసుకునే పెద్దావిడ ఒకామె రిపోర్టులోని పార్కు బొమ్మని అటూ ఇటూ తిప్పి చూసింది. "బెంచీలు బాగున్నాయండి. వీటి మీద కూర్చుని మేమేం తినాలండీ?" అంది. లస్కరు నన్ను గుర్తుపట్టాడు. గుర్తుపట్టి కూడా ఒక్క మాట అనకుండా కాలువ వైపు చూస్తూ నిలబడ్డాడు. అది భరించలేకపోయాను. లేచి, "రాసింది నేనేనండి. నీళ్ళు లేవని రాశాను, కట్టేశారని రాయలేదు" అన్నాను.

"అయ్యో, నువ్వు మన పిల్లవే కదమ్మా!" అంది పెద్దావిడ. "ఎవరో ఊరూ పేరూ తెలీనోళ్ళు రాశారనుకుని ఇందాకట్నుంచి తిట్టుకుంటున్నాను."

"తిట్టండి, పర్లేదు."

"ముందు రాయి, తర్వాత తిడతాను."

ఆవిడ చెప్పింది, నేను తెలుగులో రాశాను: ఏ నెలలో నీళ్ళొస్తాయి, వానాకాలం సార్వా పంటకి ఎంత, రెండో పంట దాళ్వాకి ఎంత, ఎవరెవరి చేలు తడుస్తాయి, ఎప్పుడు కట్టేస్తారు. అందరూ సంతకాలు పెట్టారు. ప్రొసీజరు గారు లేచారు. ఇక ఈయనతో యుద్ధమే అనుకుని నేను కొంగు బిగించాను. ఆయన ఆ కాగితాన్ని రెండు చేతులా అందుకుని, "సభలో ఇచ్చిన ప్రతి కాగితానికీ రిపోర్టులోనే జవాబుండాలి. జవాబు లేకుండా రిపోర్టు కదలడానికి వీల్లేదు. ప్రొసీజర్ అండి" అన్నారు. ఆ మాట మీద నాకు జన్మలో మొదటిసారి ప్రేమ కలిగింది. శుక్రవారం రిపోర్టు కదల్లేదు. కొన్నాళ్ళకి పార్కూ, కోట్లవాళ్ళూ మాయమై, వాళ్ళ చోట కాలువ దాటే కల్వర్టు వచ్చింది. పెద్దావిడ మాత్రం అన్నమాట ప్రకారం ఆ వరండాలోనే నన్ను తనివితీరా తిట్టింది.

ఇప్పుడు ప్రొసీజరు గారి కుర్చీలో నేనున్నాను. కంపెనీ ఇంకా పెరిగింది. ఎవరెవరి నదుల కాగితాలో నా సంతకానికి వస్తుంటాయి, నేను చూడని ఊళ్ళు, దిగని కాలువలు. అనుమానమొస్తే మర్యాదగా రెండు వాక్యాల నోటు రాస్తాను, గొంతు పెంచను. నెమ్మదస్తురాలినని పేరు కూడా వచ్చింది. ఒక్కోసారి మాత్రం, తప్పెవరిదో చూసుకోకుండానే అంతెత్తున లేచిన ఆ పిల్ల ఈ కుర్చీలో ఉంటే, వీటిలో కొన్నయినా సంతకం లేకుండా వెనక్కి పోయేవి కదా అనిపిస్తుంది. నవ్వొస్తుంది. నవ్వుకుంటూనే సంతకం పెట్టేస్తాను.