కళ్ళంలో పగిలిన వేపదూలం

1958 ఎండాకాలం. ఉరవకొండలో మాకు కర్రల అడితి ఉండేది. మానులు కొని దూలాలుగా, వాసాలుగా, పలకలుగా కోయించి అమ్మేవాళ్ళం. మా ఆయన రంపం పనివాళ్ళతో ఉండేవాడు. ఏ కర్ర దేనికి పనికొస్తుందో చూసి చెప్పడం నా పని.

ఒకరోజు పొద్దున్నే సుంకన్న అనే గొర్రెలాయన ఎద్దులబండి మీద వేపమాను వేసుకొని వచ్చాడు. తన చేనిగట్టు మీది చెట్టే, ముందురోజే కొట్టించాడు.

"అక్కా, దీంట్లో ఒక దూలం రావల్ల. ఈ నెలలోనే మిద్దె ఎయ్యల్ల."

"ఏమప్పా అంత తొందర?"

"నా పెండ్లాం అలిగి పామిడిలో కూసోనుండాది. పోయిన వానకు కొట్టం కారి గంపలో జొన్నలన్నీ మొలకలెత్తె. 'నీ గొర్రెలకు దొడ్డి ఉండాది, నాకే కొంప లేదు. మిద్దె ఏసినంక పిలువు' అని పుట్టింటికి పాయ."

రంపం లాగేవాళ్ళు పని ఆపి మరీ నవ్వారు. సుంకన్న మాత్రం నవ్వలేదు. టేకు దూలం కొనే తాహతు ఆయనకు లేదు. ఉన్నది ఆ ఒక్క చెట్టు. అది చెడితే మిద్దె లేదు, మిద్దె లేకపోతే ఆయన భార్య లింగమ్మ రాదు.

మాను కోస్తే బయటివైపు తెల్లగా ఉండే భాగాన్ని సాప్‌వుడ్ అంటారు. పురుగు ముందు దాన్నే పడుతుంది. లోపల ఎర్రగా, గట్టిగా ఉండేది హార్ట్‌వుడ్, మన మాటలో చేవ. ఈ పేర్లు నాకు అప్పుడు తెలియవు. చాలా ఏళ్ళకు అక్షరాలు నేర్చుకున్నాక పుస్తకంలో చూశాను. చేవ మాత్రం చేతికి తెలుసు. సుంకన్న చెట్టుకు మంచి చేవ ఉంది, ఒక దూలం చక్కగా వచ్చింది. కానీ అది పచ్చిది.

ఒకే కొలత ముక్కలు రెండు, పచ్చిదొకటి, ఎండిందొకటి, ఆయన చేతికిచ్చాను.

ఎత్తి చూసి, "ఇది గొర్రె, ఇది గొర్రెపిల్ల," అన్నాడు.

"ఆ ఎక్కువ బరువంతా నీళ్ళప్పా. నీళ్ళు పోయేకొద్దీ కర్ర సన్నబడతాది. పొడుగు తగ్గేది కానరాదు, మందమే తగ్గుతాది. నీడలో, రాళ్ళమీద ఎత్తిపెట్టు, అడుగున గాలి ఆడల్ల. కోసిన కొసలకు పేడ పూయి. చలికాలం దాకా దాని జోలికి పోవద్దు."

కర్రలోపల నారలన్నీ గడ్డిపోచల కట్టలాగా నిలువుగా ఉంటాయి. నీళ్ళు కొసలనుంచే తొందరగా పోతాయి. కొసలు ఎండి ముడుచుకుంటుంటే లోపలి భాగం ఇంకా పచ్చిగా, లావుగా ఉంటుంది. ఆ లాగుడుకు కొస విచ్చుకుంటుంది. మా వైపు పొడిగాలికి ఆ పని మరీ తొందరగా జరుగుతుంది. పేడ పూస్తే కొసలు నిదానంగా ఎండుతాయి. ఇలా కర్రను నెమ్మదిగా ఆరనివ్వడాన్నే సీజనింగ్ అంటారు.

కొన్నాళ్ళకు సుంకన్న వెలిగే మొహంతో వచ్చాడు.

"అక్కా, దూలం ఎండిపాయ! చలికాలం దాకా యాల? టప్ టప్ అని శబ్దం గూడా వచ్చె!"

పచ్చికర్ర పగిలేటప్పుడు వచ్చే శబ్దం అది. "యాడ పెట్టినావప్పా?"

"కళ్ళంలో, ఎండలో. చెనిక్కాయలు ఆడే కదా ఆరబోసేది! కాయ ఎండితే గలగలమనదా? దూలం గూడా పలికిందనుకుంటి."

మా ఆయనా నేనూ సుంకన్న ఊరికి పోయి చూశాం. రెండు కొసల్లోనూ జానెడుకు పైగా పగులు. మా మిద్దెలకు పైన మందంగా చౌడుమట్టి పరుస్తారు, వాన పడితే అది ఇంకా బరువెక్కుతుంది. పగులున్న కొస గోడమీద ఆనితే ఆ బరువుకు దూలం నిలువునా చీలుతుంది. కొసలు కోసేయాలి. కోస్తే గదికి చాలదు. సుంకన్న అక్కడే కళ్ళంలో కూలబడ్డాడు.

ఈ సంగతి పామిడికి ఎట్లా చేరిందో గానీ, వారం తిరక్కముందే లింగమ్మ బస్సు దిగి నేరుగా మా అడితికి వచ్చింది. వెనకాలే సుంకన్న.

"ఏమక్కా, ఈయప్పను నమ్మి దూలం ఇస్తివా? గొర్రెను అప్పజెప్పు, చూసుకుంటాడు. మానును అప్పజెప్తారా ఎవరన్నా?"

"ఏమే, నీకోసమే కదా తొందరపడింది!"

"నాకోసం ఎండబెట్టినావు, బాగుండాది! రోంత సేపైతే ఉప్పుగూడా ఏస్తుంటివి."

నవ్వాపుకోలేక నేను పక్కకు తిరిగాను. ఆమె తాడు అడిగి తీసుకుంది. నన్నూ వెంటబెట్టుకొని ఊరికి పోయి, పగుళ్ళు పోగా దూలం ఎంత మిగులుతుందో తాడుతో కొలిచి, ఆ తాడును పునాదుల మీద పరిచింది. గోడలింకా లేవలేదు.

"ఈ పక్క గోడ లోపలికి జరుపు."

సుంకన్న మొహం మాడ్చుకున్నాడు. "పెద్ద మిద్దె అని ఊరంతా చెప్పుకుంటి. గది చిన్నదైతాది."

"నెత్తిన పడకుంటే చాలు. బయట మిగిలిన పునాది మీద అరుగు కట్టు. పెద్దమిద్దె సుంకన్న అని ఊరంతా వచ్చి ఆడ కూసుంటారు."

అట్లాగే నిర్ణయమైంది. కొసలు కోయించి పేడ పూయించాను. దూలం రాళ్ళమీద నీడకు చేరింది. సాయంత్రం బస్సుకు వేళైంది. లింగమ్మ మాత్రం కదల్లేదు.

"పామిడికి పోవా?" అన్నాను.

"పోతే ఈయప్ప మళ్ళా ఎండలో ఏస్తాడు," అంటూ మూట తీసుకొని ఆ కారే కొట్టంలోకే పోయింది.

చలికాలానికి దూలం కట్టెతో కొడితే ఖంగుమంది. గోడలెక్కించి మిద్దె వేశారు. నేనూ పోయి ఆ అరుగు మీద కూర్చొని బెల్లంనీళ్ళు తాగి వచ్చాను.

కర్రకు దాని గడువు దానికి ఇవ్వాలని నాకు ముందే తెలుసు. ఇల్లు కట్టేది ఎవరికోసమో వాళ్ళను కూడా కూర్చోబెట్టుకొని మాట్లాడాలని ఆ వేపదూలం దగ్గరే తెలిసింది. తర్వాత ఇంటి కర్రకోసం ఏ మగాయన వచ్చినా తాడు చేతికి తీసుకోకముందే చెప్పేదాన్ని: "కొలత నిదానంగా చూస్తాంలేప్పా, ముందు ఇంట్లో ఆమెను పిల్చుకోని రాపో."