లైల్ క్రేమర్ చదువుకు నా సంతకం

లైల్ క్రేమర్ జీవితం గురించి రాయడానికి నాకంటే అనర్హుడు మా ఊళ్లో లేడు. అయినా ఆరో తరగతిలో అతని పంతుల్ని నేనే, అప్పటి అతని కాగితాలు మొన్నటిదాకా నా బీరువాలోనే ఉన్నాయి కనుక రాయవలసినవాణ్ణీ నేనే.

పెన్సిల్వేనియాలో, జునియాటా నది ఒడ్డున ఉన్న మా ఊళ్లోనే పుట్టాడు. ఇళ్లలో హీటర్లు బాగుచేసేవాడు. మూత విప్పకుండా, చప్పుడు విని జబ్బేమిటో చెప్పేవాడు. భార్య కొరీన్ నర్సు. మూడు నెలలకొక ఆసుపత్రిలో, ఊరు మారే ఒప్పందపు ఉద్యోగం ఆమెది. అందుచేత ఇల్లు అమ్మి లోపలే కాపురం ఉండగల ఒక పాత ఆర్‌వీ బండి కొన్నారు. పదకొండేళ్ల కూతురు ట్యాబిథాకు ఆ బండే బడి, తండ్రే పంతులు.

ఇంట్లో చదువు చెప్పే తల్లికో తండ్రికో హైస్కూలు పట్టా ఉండాలని మా రాష్ట్రపు చట్టం. ఏటా ఒక ఉపాధ్యాయుడు బిడ్డ రాతలు చూసి, బిడ్డతో మాట్లాడి, పురోగతి ఉన్నదని ధ్రువీకరించాలి. ఒరెగాన్ దాకా పోయి తిరిగివచ్చిన ఆ బండిని ఈ జూన్‌లో ఊరి సంతమైదానంలో నిలిపి, ఆ సంతకం కోసం లైల్ నా దగ్గరికి వచ్చాడు.

ఇంటిచదువులంటే నాకు మొదటినుంచీ మంట. వాటిని ఖండిస్తూ బడి పాలకమండలికి రాసిన పద్నాలుగు లేఖల నకళ్లు తేదీలవారీగా నా దగ్గర ఉన్నాయి. అతనిచ్చిన నూట ఎనభై రోజుల పాఠాల పుస్తకాన్ని తప్పు పట్టాలనే తెరిచాను. దొరికింది. ప్రతి పేజీ అడుగున ‘ఉపాధ్యాయుని అభిప్రాయం’ అని ఒక గడి. అన్ని గడుల్లోనూ పిల్ల దస్తూరీయే!

పుస్తకం పట్టుకుని మైదానానికి వెళ్లాను.

“ఏమిటయ్యా ఇది? పరీక్ష రాసేదీ అదే, దిద్దేదీ అదేనా?”

“నేను చెప్తుంటే అది రాస్తుంది మాస్టారూ. నా రాత కోడి కెలికినట్టుంటుందని మీరే అనేవారుగా!”

“సరే, కెలుకు. నా కళ్లముందు ఒక్క వాక్యం.”

లైల్ జేబులు తడుముకున్నాడు. “కళ్లజోడు ఎక్కడ పెట్టానో...”

“వెనక సంచిలో ఉంది నాన్నా, తర్వాత తీస్తాలే,” అంది ట్యాబిథా తలెత్తకుండానే.

లైల్‌కు కళ్లజోడు లేదు. ఆరో తరగతిలోనూ లేదు. అయినా పుస్తకం తెరవమన్నప్పుడల్లా దాన్ని ఇంట్లో మరిచివచ్చేవాడు.

నా చేతిలోని వార్తాపత్రికను పిల్లకిచ్చాను. కళాశాల విద్యార్థులు తడబడే సంపాదకీయాన్ని మంచినీళ్లు తాగినట్టు చదివేసింది.

“ఇంత ఎక్కడ నేర్చావమ్మా?”

“దార్లో. బోర్డులు, మెనూలు, రిపేరు పుస్తకాలు అన్నీ పైకి చదవాలి. వంతెన ఎత్తు చదవకపోతే మా కప్పు ఎగిరిపోదూ!”

“నా డ్రైవింగుకి కళ్లు దీనివే మాస్టారూ,” అని లైల్ నవ్వాడు. ఆ నవ్వు నిలవలేదు.

పాఠం చెప్పేవాడికి చదవడం రాదని నేను పై అధికారికి రాస్తే ట్యాబిథా ఇక్కడి బడిలో చేరవలసిందే. పాఠాలు చెప్పే తీరిక లేని కొరీన్‌కు జూలైలో స్పోకేన్‌లో ఉద్యోగం. దేశానికి ఆ చివర తల్లి, ఈ చివర బిడ్డ. లైల్ హైస్కూలు పట్టా దొంగదని అనడానికీ వీల్లేదు. అది అసలైనదే. ఏయే ఉపాధ్యాయుల చేతుల మీదుగా ఆ పట్టా దాకా చేరాడో, వారిలో నేనొకణ్ణి.

ఇంటికొచ్చి అతని ఆరో తరగతి ప్రగతి కార్డు తీశాను. ‘చదువుటలో పురోగతి తృప్తికరము.’ నా అక్షరాలే. పిల్లవాడికి చదవడం రాదని అప్పట్లో రాయాలంటే ఏడు పేజీల పత్రం నింపాలి, నోటిదురుసు తండ్రిని పిలిపించి చెప్పాలి. ఏ కాగితానికీ జంకని నేను ఆ ఏడు పేజీలకు జంకాను. ఇతర తల్లిదండ్రుల మీద పద్నాలుగు లేఖలు రాయడానికి మాత్రం తీరిక దొరికింది!

ధ్రువపత్రం అడిగేది బిడ్డ పురోగతి గురించే. దాని మీద నిస్సంకోచంగా సంతకం చేశాను. మరునాటి ఉదయం దానితోపాటు ఆ కార్డునూ లైల్ చేతికిచ్చాను. అతను అలవాటుగా రెండూ కూతురికందించాడు.

“నాన్నా, ఇది నీది! నువ్వు బాగా చదువుతావని రాసుంది. కిందేమో ఈయన సంతకం!”

“చూశావా మరి? మీ నాన్నంటే ఏమనుకున్నావ్!”

“లైల్,” అన్నాను, “నీకు రాదని నాకు అప్పుడే తెలుసు.”

అతను కార్డు మీది నా సంతకాన్ని వేలితో ఒకసారి తడిమాడు.

“మీకు తెలుసని నాకూ తెలుసు మాస్టారూ. ఆ ఏడాదంతా బడి వదిలాక అందరూ పోయేదాకా సంచి సర్దుతూ కూర్చునేవాణ్ణి, గుర్తుందా? ఇవాళైనా పిలుస్తారేమోనని.”

గుర్తుంది. తలుపు దగ్గర నిలబడి, “త్వరగా పోవోయ్, బస్సు వెళ్లిపోతుంది,” అని రోజూ తొందరపెట్టింది నేనే.