నువ్వులు ముట్టని చెయ్యి

ఇవాళ పొద్దున అమీన్‌పూర్‌లో మా అబ్బాయి ఫ్లాటుకు వచ్చిన సరుకుల సంచిలోంచి కోడలు నల్ల నువ్వుల పొట్లం తీసి, రేపటి నరక చతుర్దశికి ఇవి సరిపోతాయా మామయ్యా అని అడిగింది. సరిపోతాయమ్మా అని ఊరుకోవచ్చు కదా, ఊరుకోలేకపోయాను. పటాన్‌చెరులో మేమున్న గల్లీకి యమతర్పణం తెచ్చినవాణ్ణి నేనేననీ, నన్ను చూసే గల్లీ గల్లీ అంతా దక్షిణం తిరిగి నీళ్లు వదలడం నేర్చుకుందనీ, యముడితో నాకు వియ్యంకుడితో ఉన్నంత చనువనీ చెప్పేశాను. పండుగకు సంగారెడ్డి నుంచి వచ్చిన మా అక్క బాల్కనీలో వెల్లుల్లి ఒలుస్తూ విన్నది, ఒక్క మాటా అనలేదు. అక్క మాట్లాడకపోతే నాకు చిన్నప్పటి నుంచీ గుబులే. అందుకే ఇక్కడ మీ దగ్గర సర్దుకుంటున్నాను: గల్లీ అంతా అంటే ఎదురింటి ఫోర్‌మన్ ఒక్కడే, అతనూ మరుసటి ఏడే మానేశాడు.

ఎనభైలలో ఆ ప్రాంతంలో కిరాయి గదుల్లో బతికినవాళ్లకు చెప్పాల్సిన పని లేదు, ఫ్యాక్టరీ సైరను కూతను బట్టి పొయ్యి వెలిగేది, ఎంత ఉతికినా చొక్కాకు ఆ రసాయనాల ఘాటు వాసన పోయేది కాదు. జిన్నారం పక్కన మా నాయన సేద్యం చేసుకుంటుంటే నేను ముందు ఫ్యాక్టరీలో చేరాను, నా వెనకే తమ్ముడూ చేరాడు. ఇద్దరికీ ఒక్కటే సైకిలు. వాడి షిఫ్టు అయ్యేసరికి నేను నడుచుకుంటూ గేటు దగ్గరికి చేరేవాణ్ణి, వాడు సైకిలు నాకప్పగించి, టిఫిన్ డబ్బాలో నాకోసం మిగిల్చిన సగం జొన్నరొట్టె ఉందని చెప్పి నడిచి వెళ్లిపోయేవాడు. సగం అనేవాడు గానీ అది ఎన్నడూ పావుకు మించి ఉండేది కాదు, వాడికి ఆకలెక్కువ.

ఆ రోజు గేటు దగ్గర నిలబడి, ఇంకా రాడేమని వాణ్ణి తిట్టుకుంటూనే ఉన్నాను. వాడు కడగడానికి దిగిన ట్యాంకులో ఏ గాలి నిలిచి ఉందో, దిగినవాడు దిగినట్టే ఒరిగిపోయాడని వాచ్‌మన్ వచ్చి చెప్పాడు. నాయనకు చెప్పడానికి అదే సైకిలు మీద ఊరికి వెళ్లాను. హ్యాండిలుకు వాడి డబ్బా తగిలించే ఉంది.

ఏడాది గడిచాక పెత్రమాస, అదే మహాలయ అమావాస్య, వచ్చింది. ఆ రోజు మా ఇళ్లల్లో చేటలో బియ్యం, కూరగాయలు పెట్టి పెద్దల పేర్లు చెప్పి అయ్యగారికి ఇస్తారు. తాత పేరు, ముత్తాత పేరు చెప్పాక నాయన నోరు ఆగింది. పక్కనున్న మా పెద్దనాయన మెల్లగా అన్నాడు, ఇది పెద్దల దినం, చిన్నోణ్ణి పెద్దల్ల ఎట్ల కలుపుతవ్ అని. నాయన చేట ఎత్తి, మళ్లీ దించి, తమ్ముడి పేరు చెప్పకుండానే ఇచ్చేశాడు. నాయన బతికుండగా నేను నువ్వులు ముట్టరాదు. అంటే మా ఇంట్లో తమ్ముడికి నీళ్లిచ్చే చెయ్యే లేదన్నమాట.

పొయ్యి వెలగాలి కనుక నేను అదే ఫ్యాక్టరీకి పోతూనే ఉన్నాను.

దీపావళి ముందు నాయన అక్కను వెంటబెట్టుకుని పటాన్‌చెరు వచ్చాడు. తండ్రి ఉన్నవాడు కూడా యముడికి నీళ్లు వదలొచ్చట, నువ్వులకు బదులు బియ్యం తీసుకోవాలట. ఈ ధర్మసూక్ష్మం నేనే పట్టుకున్నానని చాలామందికి చెప్పాను గానీ, అయ్యగారిని అడిగి తెలుసుకున్నది నాయనే. నాతో మాత్రం, యమునికి నీళ్లిడువు బిడ్డా, మంచిది, అన్నాడంతే.

ఆ సాయంత్రం గడప బయట దక్షిణం వైపు దీపం పెడితే ఇంటి యజమానురాలు పరుగున వచ్చింది.

"కిరాయికిచ్చిన ఇంట్ల యముని దీపమేందయ్యా? మా మీదికి పిలుస్తున్నవా ఏంది?"

నాయన లేవకుండానే జవాబిచ్చాడు. "పిలుసుడు కాదమ్మా. దీపం జూసి ఆయన వాపస్ పోతడు."

తెల్లవారి తలంటుకుని బోరింగు దగ్గర కూర్చున్నాను. యముడి పేర్లన్నీ గడగడా చదివానని చెబుతుంటాను, అదీ ఒట్టిదే. అయ్యగారు చెప్పి పంపినవి ఒక్కటీ గుర్తుకు రాలేదు. అయ్యా, మావాడికి ఆకలెక్కువ, జర చూసుకో, అని బియ్యం కలిపిన నీళ్లు వదిలాను. వెనక నిలబడ్డ నాయన నా భుజం నొప్పి పుట్టేంత గట్టిగా పట్టుకున్నాడు. తమ్ముడి మీద అంత ప్రేమ. ఆ పట్టులో ఒక పాపిష్టి ఆలోచన కూడా వచ్చింది, పోయింది నేనైతే నాయన ఇంతగా కుమిలేవాడా అని.

ఆ తర్వాత ప్రతి ఏడూ ఆ పొద్దుటికి నాయన బస్సెక్కి వచ్చేవాడు, నా వెనకే నిలబడేవాడు. రెండు వేల సంవత్సరం దాటాక ఒక ఏడు రాలేదు, ఇక రాలేడు. ఆ ఏడు నా చేతికి మొదటిసారి నువ్వులు తగిలాయి, తడి అరచేతికి అతుక్కుని ఎంత కడిగినా ఒకటి మిగిలే ఉంది.

ఇప్పుడు నువ్వులు గడప దగ్గరికే వస్తున్నాయి, దక్షిణం ఎటో ఫోను చూపిస్తుంది, స్నానాలగదిలో కుళాయి తిప్పితే వేడినీళ్లు. అన్నీ అందుతున్నాయి గానీ నీళ్లు వదిలేటప్పుడు వెనక నిలబడే మనిషి లేడు, భుజం తేలికైపోయింది.

ఇంతవరకు రాసి ఇందాక అక్కకు చదివి వినిపించాను. ఆమె వెల్లుల్లి పొట్టు ఒళ్లోంచి దులుపుకుంది.

"గల్లీ ముచ్చట దిద్దినవ్, మంచిగైంది. అసలుది తప్పు రాసినవ్. అయ్యగారి దగ్గరికి నాయినతోని పోయింది నేను. చిన్నోని పేరే ఎత్తలే నాయిన. ఒకడు పాయె, ఇంకొకడు గా కంపెనీలనే చేస్తుండు, వాణ్ణన్న నాకు మిగిలియ్యాలంటే ఏం జెయ్యాలె అని అడిగిండు. ఆ నీళ్లు నీ కోసం ఇడిపిచ్చిండురా."