వస్తానని చెప్పని మనిషి

నర్సీపట్నంలో ఆటోలు ఇంకా పెరగని రోజుల్లో, గొలుగొండ బస్సు ఆగగానే సన్యాసయ్య రిక్షా దిగి ఎదురెళ్లేవాడు. జబ్బు మనుషులను పసిబిడ్డల్లా రెండు చేతులా ఎత్తి, తన తువ్వాలు మడిచి తలకింద పెట్టి, గోతులు తప్పిస్తూ ఆసుపత్రికి తొక్కేవాడు. వార్డులో పడుకోబెట్టాక మాటా పలుకూ లేకుండా వచ్చేసేవాడు. గేటు దాటాక మాత్రం బెల్లు రెండుసార్లు కొట్టేవాడు.

"వత్తానని సెప్పొచ్చు కదా నాన్నా, పొగరనుకుంటారు," అని కూతురు వరాలు దెప్పేది.

"ఆస్పత్రిలో వత్తానంటే ఏటి అర్థమే? ఆళ్లని మళ్లీ తేవాలనా? పొగరనుకోనీ, బతికుంటే సాలు."

ఒక ఏడాది వానల్లో తడిసి తడిసి, ఆయాసంతో ఆయనే ఆ వార్డులో పడుకున్నాడు. "గంజి తెత్తాను నాన్నా, బేగి వత్తాను," అనేసి వరాలు నాలిక కరుచుకుంది. ఆయన నవ్వాడు. ఆమె గుమ్మం దాటుతుంటే వెనక మంచం ఇనపకమ్మీ మీద గోటితో రెండుసార్లు కొట్టిన చప్పుడైంది. గంజి తెచ్చేసరికి ఆయన మొహం మీద ఆ తువ్వాలే కప్పి ఉంది.

ఇప్పుడు ఊరంతా ఆటోలే. అయినా వీధిలో ఏ సైకిలు బెల్లో రెండుసార్లు మోగితే వరాలు కంచం ముందు నుంచి లేచి గుమ్మంలోకి వెళ్తుంది. వస్తానని అనలేదు, నిజమే. రానని మాత్రం ఎప్పుడన్నాడు?