కోలరంధ్రాల బోర్డు

1983 జూన్‌లో నన్ను సికింద్రాబాద్‌లోని మా ప్రభుత్వరంగ ఎలక్ట్రానిక్స్ సంస్థలో రైల్వే సిగ్నలింగ్ అభివృద్ధి విభాగానికి సీనియర్ ఇంజనీరుగా వేశారు. పైన డిప్యూటీ జనరల్ మేనేజరు నర్సింగరావు గారు. కింద ఇద్దరు జూనియర్ ఇంజనీర్లు, సర్క్యూట్ బోర్డుల నమూనాలు గీసే డ్రాఫ్ట్స్‌మన్ యాదగిరి. మాది గుంటూరు వైపు క్రైస్తవ కుటుంబం. నాన్న పంతులు ఉద్యోగం మీద వచ్చి మారేడ్‌పల్లిలో స్థిరపడ్డాడు. ఆడపిల్లకు రైలు పట్టాల పనేమిటని చుట్టాలు ముక్కున వేలేసుకున్నారు. వేసుకున్న వేళ్ళు తియ్యమని నేను ఎవరినీ బతిమాలలేదు.

మాకు అప్పగించిన పని యాక్సిల్ కౌంటరు. రెండు స్టేషన్ల మధ్య లైను ఖాళీగా ఉందో లేదో చెప్పే పరికరం అది. లైను మొదట్లో ఒకటి, చివర ఒకటి, పట్టా పక్కన పెట్టెలు బిగిస్తారు. లోపలికి వెళ్ళిన ఇరుసులెన్ని, బయటికి వచ్చినవెన్ని అని అది లెక్కపెడుతుంది. రెండూ సమానమైతే లైను ఖాళీ, వెనక బండిని వదలొచ్చు. ఒక్క ఇరుసు తక్కువ వచ్చినా సిగ్నలు ఎర్రగానే ఉండాలి, ఎందుకంటే బండి నుంచి ఏ బోగీయో విడిపోయి లైను మీదే నిలబడి ఉండొచ్చు. ఈ లెక్కంతా చేసేది నలభై కాళ్ళున్న ఒక మైక్రోప్రాసెసర్ చిప్. అది అమెరికాది. నమూనా పెట్టెల కోసం ముందే తెచ్చుకున్నవి గుప్పెడు మా దగ్గర ఉన్నాయి. రైల్వేవాళ్ళ పరీక్ష గెలిచి ఆర్డరు రావాలంటే ఇంకా చాలా కావాలి.

కావాలంటే ఆ దేశపు ఎగుమతి లైసెన్సు రావాలి. మా సంస్థలోనే ఇంకో షెడ్డులో సైన్యానికి వైర్‌లెస్ సెట్లు చేస్తారు, పైగా మన దేశం మాస్కోతో స్నేహంగా ఉండేది. మేం కొన్న చిప్ ఆ షెడ్డుకో మాస్కోకో చేరుతుందని వాళ్ళ అనుమానం. దరఖాస్తు చాలాకాలం నానింది. చివరికి 'ఏ చర్యా తీసుకోకుండా తిప్పి పంపుతున్నాం' అని టెలెక్స్ వచ్చింది. ఇవ్వమని కాదు, ఇస్తామనీ కాదు. లేదని మొహం మీద చెప్పే మర్యాద కూడా లేకపోయిందే అని నాకు ఒళ్ళు మండింది. ఆంబోతులు రెండూ పోట్లాడుకుంటే లేగల కాళ్ళు విరిగినట్టుంది మా పని.

ఆ వెంటనే బొంబాయి నుంచి అమెరికా కంపెనీల ఏజెంటు ఒకడు దిగాడు. సూటు, బూటు, నవ్వు. విడి చిప్‌కు లైసెన్సు రాదు కానీ, అదే చిప్ లోపల బిగించిన పూర్తి యాక్సిల్ కౌంటర్లు ఎన్ని కావాలంటే అన్ని వస్తాయని చెప్పాడు. అంటే వాళ్ళ భయం ఆ చిప్ మన దేశానికి వస్తుందని కాదన్నమాట, మన చేతికి వస్తుందని!

నర్సింగరావు గారు చెడ్డవారు కాదు. పాతబస్తీలో పుట్టి పెరిగిన మనిషి, రైల్వేవాళ్ళకు ఇచ్చిన గడువు ఆయన మెడ మీద ఉంది. నన్ను గదిలోకి పిలిచి ఒక నోటు ముందు పెట్టారు. స్వదేశీ నమూనా సాంకేతికంగా సాధ్యం కాదు, పూర్తి పెట్టెలే కొనాలి అని దాని సారాంశం. కింద నా సంతకం కావాలి.

"సుగుణమ్మా, జిద్దు చెయ్యకు. రైల్వేవాళ్ళు ఆగరు. సెక్షన్ బంద్ అయితే అయింది, నిన్ను స్టోర్స్‌కు మేనేజర్‌గ పంపిస్త. ప్రమోషన్ సుత వస్తది. ఎందుకీ పరేషానీ?"

"చేతకాదని రాయమంటున్నారు సార్. చేతకాలేదని తేలితే రాస్తాను. తేలకముందే రాయడం నా వల్ల కాదండీ" అన్నాను.

ఆయన నోటు మడిచి సొరుగులో పెట్టుకున్నారు. రైల్వే పరీక్ష 1984 వానాకాలం తర్వాత అని, అప్పటికి పెట్టె లేకపోతే నోటు తనే పంపిస్తానని చెప్పారు. పెట్టె రాకపోతే విభాగం లేదు, నా మనుషులు తలా ఒక షెడ్డుకు, నేను స్టోర్సుకు. లెక్క సాఫీగానే ఉంది.

రెండో దారి ఒకటే, సోవియట్ చిప్. అమెరికా చిప్‌నే చూసి వాళ్ళు సొంతంగా చేసుకున్నది. దానికి డాలర్లు అక్కర్లేదు, రూపాయల ఒప్పందం మీద వస్తుంది. దాని వివరాల పత్రం రష్యన్‌లో ఉంటే, ఆ భాష వచ్చిన ఒక లెక్చరరు చేత తెలుగులో చెప్పించుకుని, జూనియర్లూ నేనూ ఒక్కొక్క కాలూ సరిచూసుకున్నాం. ఏ కాలు మీద ఏ సంకేతం, ఎంత వోల్టేజి, ఎంత వేగం, అన్నీ కలిశాయి. కాళ్ళ మధ్య ఎడం రెండున్నర మిల్లీమీటర్లు అని ఉంది. అమెరికా చిప్‌కు అంగుళంలో పదోవంతు, అంటే రెండున్నర మీద ఒక వెంట్రుక ఎక్కువ. ఆ వెంట్రుకను ముగ్గురం చూశాం, ముగ్గురం వదిలేశాం.

సరుకు వచ్చిన రోజు యాదగిరి ఒక చిప్ తీసి బోర్డు మీద పెట్టి చూశాడు. తిప్పి మళ్ళీ పెట్టాడు.

"మేడం, గిదేందీ, కూసుంటలేదు? ఈ కొస దించితె ఆ కొస లేస్తున్నది."

చొక్కాకు గుండీలు ఒక కొలతతో, కాజాలు ఇంకో కొలతతో కుట్టినట్టయింది. మొదటి రెండు మూడు పట్టేస్తాయి, చివరికి వచ్చేసరికి గుండీ ఒకచోట, కాజా ఒకచోట. ఒక్కో వరసకు ఇరవై కాళ్ళు. వెంట్రుకలన్నీ కూడి కొసలో కాలు రంధ్రం అంచు మీద నిలబడింది. వాళ్ళ ఎగుమతి రకానికి అంగుళం కొలత ఉంటుందట, మాకు పంపింది సొంత వాడకం రకం. మార్చమని రాస్తే జవాబు వచ్చేలోపు వానాకాలం రెండుసార్లు వెళ్ళిపోతుంది.

జూనియర్లు కాళ్ళను పటకారుతో కొద్దిగా వంచి దింపారు. బల్ల మీద పెట్టె చక్కగా లెక్కపెట్టింది. విభాగమంతా చప్పట్లు. ఇల్లలకగానే పండగ కాదని నేను దాన్ని వైబ్రేషన్ టేబుల్ ఎక్కించాను. రైలు దడకు సరిపడా కుదిపే యంత్రం అది. దించి చూస్తే వంచిన కాళ్ళ దగ్గర టంకం పగిలి ఉంది. పట్టా పక్కన అలాంటి పెట్టె పెడితే ఏదో ఒక రోజు ఒక ఇరుసు లెక్క తప్పుతుంది. అది ప్రయాణికులున్న బండి కావచ్చు. వద్దు పొమ్మన్నాను.

మిగిలిన చిప్‌లలో ఏమైనా తేడా ఉందేమో చూద్దామని స్టోర్సుకు వెళ్ళాను, రేపు నా కుర్చీ అవ్వబోయే చోటికి. అక్కడ ఇనుప రాక్‌లు ఉన్నాయి. వాటి కోణపు కమ్మీలకు గుండ్రటి రంధ్రాలు ఉండవు, పొడుగ్గా కోలగా ఉంటాయి. ఏ కొలత అరనైనా తెచ్చి బోల్టు కొంచెం అటో ఇటో జరిపి బిగించుకోవచ్చు. చిప్ మాట మరిచిపోయి ఆ కమ్మీ దగ్గరే నిలబడ్డాను. మన బోర్డు ఎవరి కొలతకో ఎందుకు పుట్టాలి?

యాదగిరికి చెప్పాను: మధ్య కాళ్ళకు మామూలు రంధ్రాలు, కొసలకు పోయేకొద్దీ కోలరంధ్రాలు, చుట్టూ టంకం పట్టే రాగి మెత్తలు పెద్దవి. ఏ దేశం చిప్ అయినా వంచకుండా దిగాలి. అప్పట్లో బోర్డు నమూనా అంటే పారదర్శకమైన ఫిల్మ్ మీద నల్ల టేపు చేత్తో అతికించడమే. మెత్తలు పెద్దవైతే కాళ్ళ మధ్య నుంచి పోయే తీగలకు చోటు ఉండదు.

"అంటె మల్ల మొదటికెల్లి షురూ చెయ్యాల్నా?" అన్నాడు. "మేడం, గీ టేపులు అతికిచ్చి అతికిచ్చి నా కండ్లు పోయినయ్. మల్కాజ్‌గిరిల దిగబోయి మౌలాలిల దిగుతున్న."

"ఆ ఏజెంటు పెట్టెలొస్తే నీకు టేపులే ఉండవు, నేరుగా ఇంటికే దిగొచ్చు" అన్నాను.

"ఏ, ఆ సూటుగాని పెట్టెలా? వాని పెట్టెలు మన పట్టా మీదికి రావొద్దు. తెండ్రి ఫిల్ము."

తిడుతూనే గీశాడు. రంధ్రం పక్కన రంధ్రం వేసి కలపమంటే డ్రిల్లు షాపువాళ్ళు బిట్లు విరుగుతున్నాయని గోల పెట్టారు. విరిగితే నా పేరు రాసుకోండని చెప్పాను, రాసుకున్నారు కూడా. వైబ్రేషన్ టేబుల్ మీద ఈసారి ఒక్క టంకం కూడా పగల్లేదు.

వానలు వెనకబట్టాక మల్కాజ్‌గిరి అవతల లైను మీద పరీక్ష జరిగింది. రైల్వే ఇన్‌స్పెక్టరు ముందు రెండు పెట్టెలు పక్కపక్కన బిగించాం, ఒకదాంట్లో మిగిలిన అమెరికా చిప్, ఒకదాంట్లో సోవియట్ చిప్. బోర్డు ఒకటే. గూడ్సు బండ్లు, లోకల్ బండ్లు, మధ్యలో ఆగి వెనక్కి నడిచిన ఇంజను, అన్నీ దాటాయి. రెండు పెట్టెలూ ఒకే లెక్క చెప్పాయి, ఇన్‌స్పెక్టరు చేత్తో వేసుకున్న లెక్కా అదే. ఆయన సంతకం పెడుతుంటే నర్సింగరావు గారు అప్పుడు సొరుగులో దాచిన నోటు జేబులోంచి తీసి చింపేశారు.

కొద్ది వారాలకే లైసెన్సు వచ్చింది. అడిగినన్నాళ్ళూ రానిది, అక్కర్లేదని తేలగానే వచ్చింది. వెనకే ఏజెంటు స్వీటు పెట్టెతో వచ్చాడు. ఇక ఆ రష్యా సరుకు మానేసి, కోలరంధ్రాలు తీసేసి, మామూలు బోర్డు చేసుకుంటే మీకు చవక కదా అని సలహా ఇచ్చాడు.

"ఈ బోర్డు మా పట్టాల కోసం చేసుకున్నామండీ. మీ చిప్ అందులో దిగుతుంది, కొంటాం. వాళ్ళదీ కొంటాం. రంధ్రాల జోలికి మాత్రం రాకండి" అన్నాను. నర్సింగరావు గారు స్వీటు పెట్టె నా వైపు జరిపారు.

ఎనిమిదేళ్ళు తిరక్కుండా సోవియట్ దేశమే లేకుండా పోయింది. అక్కడి చిప్‌లు ఆగిపోయాయి. అప్పటికి నేను విభాగాధిపతిని. రైల్వే నుంచి ఆందోళనగా ఫోన్ వస్తే, అంగుళం కొలత చిప్‌లతో అదే బోర్డు సాగుతోందని చెప్పి పెట్టేశాను.

నా కింద పనిచేసిన ఇంజనీర్లందరికీ ఒకటే నేర్పాను. కాగితం మీద పేరు రాసిన రెండో సరఫరాదారు రెండోవాడు కాడు. వాడి భాగం వంచకుండా మన బోర్డులో దిగి, మన పట్టా పక్కన ఒక వానాకాలం నిలబడ్డాకే వాడు రెండోవాడు. అప్పటిదాకా మనకున్నది ఆ మొదటివాడు ఒక్కడే, ఆ సంగతి వాడికీ తెలుసు.